చవక లెన్సు పెట్టిన చోట

ప్రొద్దుటూరు: కంట్లో కారం

బంగారం కొనడానికి ప్రొద్దుటూరు వెళ్లేవాళ్లున్నారు, పెళ్లి బట్టలకు వెళ్లేవాళ్లున్నారు. నేను కబడ్డీ ఫోటోలు తీయడానికి వెళ్లాను. ఆటల ఫోటోలు తీయడమే ఇరవై ఆరేళ్లుగా నా బతుకుతెరువు. పత్రికలో ఉద్యోగం పోయాక, పిలిచినవాళ్ల ఊరికల్లా గుంటూరు నుంచి సంచీ భుజాన వేసుకుని బయలుదేరుతున్నాను. ఈసారి ఆడపిల్లల పోటీలు. రెండు రోజులు పని, ఆపైన తీరిగ్గా చుట్టుపక్కల ఊళ్లు చూసి రావచ్చనుకున్నాను. చూసే వచ్చాను. వచ్చిన దగ్గర్నుంచి మనసు మనసులో లేదు.

పొద్దున్నే బస్సు దిగి, స్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో కారం దోసె చెప్పాను. దోసె మీద ఎర్రకారం మందంగా పూసి, పైన పప్పులపొడి చల్లి, మడిచి ఇస్తారు. నలభై రూపాయలు. గుంటూరు వాణ్ణి, నన్నేం చేస్తుందిలే అన్న ధీమాతో రెండు తిన్నాను. నాలుకను ఏమీ చేయలేదు. చెయ్యి సరిగ్గా కడుక్కోకుండా కన్ను నలుపుకున్నాను. అదీ కుడికన్ను, నేను కెమెరాలో చూసే కన్ను.

"గుంటూరైతే మాత్రం కంటికి తెలుస్తాదా సార్!" అంటూ హోటలాయన చెంబుతో నీళ్లు తెచ్చి నా తల వంచి ముఖం మీద పోశాడు. "నువ్వు కండ్లు తెరువు. గట్టిగా తెరువప్పా!"

మా వైపు కొత్తవాణ్ణి నువ్వంటే గొడవైపోతుంది. ఇక్కడ సార్ అనీ అంటారు, నువ్వు అనీ అంటారు, రెండూ ఒకే గౌరవంతో. ఒక పూటలో అలవాటైపోయింది. కన్ను మాత్రం సాయంత్రం దాకా తగ్గలేదు. మొదటిరోజు ఆటలన్నీ ఎడమకంటితోనే తీశాను.

గ్రౌండు చూపించడానికి నిర్వాహకులు మస్తాన్ గారిని పంపారు. నా వయసువాడే. ఊళ్లో స్టూడియో ఉంది, పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తాడు. నేను సంచీ విప్పి సామాను సర్దుతుంటే ఒక చిన్న లెన్సు చేతిలోకి తీసుకుని ఆశ్చర్యపోయాడు.

"ఏంది సార్ ఇది? నాలుగు లచ్చల కెమెరాకు ఈ ప్లాస్టిక్కు లెన్సా? మా పెండ్లిండ్ల కెమెరాకు గూడా ఇంతకంటే మేలైంది ఉండాది."

చాలామంది అడిగే ప్రశ్నే. దూరం నుంచి ఆట తీయడానికి మూడు కిలోల బరువుండే పెద్ద లెన్సు కావాలి. దాని ఖరీదు లక్షల్లో. కానీ అన్ని చోట్లా అది పనికిరాదు. ఈ చిన్నది అరచేతిలో ఇమిడిపోతుంది. దీపాలు చాలని గ్రౌండులో కూడా వెలుగును బాగా లోపలికి తీసుకుంటుంది. ఎనిమిది వేలకు వస్తుంది. బొమ్మ బాగా వచ్చిందంటే దాన్ని ఏ లెన్సుతో తీశారో చూసేవాడికి అక్కర్లేదు.

అసలు కారణం ఇంకొకటుంది. గోలు వెనక, గీత పక్కన, మనుషులు వచ్చి పడే చోట కెమెరాను నేలమీద ఒంటరిగా పెట్టి, దూరంగా నిలబడి రిమోటుతో నొక్కుతాం. మనిషి నిలబడలేని చోటు నుంచి వచ్చే బొమ్మకు విలువెక్కువ. అక్కడ దెబ్బ తగిలితే ముందు పగిలేది లెన్సే. వెనక ఉండే పెట్టెను మేము బాడీ అంటాం. బాడీ మిగిలితే చాలు. అందుకని దెబ్బ తగిలే చోట చవక లెన్సు పెడతాం.

ఇదంతా చెబితే మస్తాన్ గారు తలూపాడు. "పోతే పోయేదాన్ని ముందర పెడతారు. తెలివే. ఎప్పుడన్నా పగిలిందా సార్?"

"ఒకసారి" అన్నాను.

మాట్లాడుకుంటూ గ్రౌండు గేటు దగ్గరికి వచ్చాం. గేటు మీద కట్టిన ఫ్లెక్సీ చూసి నా కాళ్లు ఆగిపోయాయి. అందులో ఉన్నది నేను తీసిన ఫోటో. పదకొండేళ్ల కిందట, ఇదే ఊళ్లో తీసింది. గాలిలోకి ఎగిరిన అమ్మాయి, వెనక నుంచి పట్టుకోబోతున్న మూడు జతల చేతులు, విరజిమ్మిన మట్టి, విడిపోతున్న జడ. ఆ ఫోటోకు నాకు పెద్ద బహుమతి వచ్చింది. ఇంటర్నెట్‌లో దొరికితే వీళ్లు తీసి వేసుకున్నారు.

"ఎవురో హర్యానా ప్లేయరంట" అన్నాడు మస్తాన్.

"కాదు. మీ జిల్లా అమ్మాయే. పేరు ఎస్తేరు."

ఆయన వెనక్కి జరిగి ఫ్లెక్సీని మళ్లీ చూశాడు. "జమ్మలమడుగు ఎస్తేరా! మోకాలు పోగొట్టుకున్న పాప! ఇప్పుడు యాడుందో ఏమో. వాళ్ల పీఈటీ ఓబుళేసు సారుకు తెలిసుంటాది. రిటైరై ఆడనే ఉండాడు."

రెండు రోజులూ ఆ గేటులోంచే వచ్చాను, పోయాను. నేలమీద పెట్టాల్సిన రెండో కెమెరాను ఈసారి సంచీలోంచి తీయలేదు. ఎందుకు తీయలేదని మస్తాన్ గారు అడిగితే కన్ను బాగాలేదన్నాను.

జమ్మలమడుగు: సంగటి ముద్ద

ప్రొద్దుటూరు నుంచి ఆర్డినరీ బస్సులో గంట కూడా పట్టదు. ఊరి పక్క పెన్న. కృష్ణ ఒడ్డున పెరిగినవాడికి నది అంటే నీళ్లే గుర్తొస్తాయి. ఇక్కడ నది అంటే ముందు ఇసుక, ఆ ఇసుకలో ఒక పక్కగా సన్నటి పాయ, దాంట్లో గొర్రెలు కడుగుతున్న ఇద్దరు మనుషులు.

ఓబుళేసు సారు ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఎవర్ని అడిగినా "ఈల సారా?" అని దారి చూపించారు. డెబ్బై దాటినా మనిషి నిటారుగా ఉన్నాడు. ఇంటి నేలంతా నల్లటి కడప బండలు, చల్లగా ఉంది. గోడ నిండా జట్ల ఫోటోలు. నేను ఫలానా అని చెప్పగానే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు.

"ఎస్తేరు ఫోటో తీసిన సారువా! అన్నం తినకుండా పోతే ఊరుకోను." లోపలికి చూసి కేకేశాడు. "ఏమే, సంగటి చెయ్యి!"

ఆయన భార్య రామసుబ్బమ్మ గారు వేడి రాగిసంగటి, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి, వంకాయ పులుసు పెట్టారు. మా వైపు అతిథికి సన్నబియ్యం అన్నం పెట్టకపోతే మర్యాద తక్కువైనట్టు చూస్తారు. ఇక్కడ సంగటే గౌరవం. ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోశారు. కొరకకుండా మింగాలని ఆయన నేర్పించాడు. నేను నమిలితే ఇద్దరూ నవ్వారు. ఆ ఇంట్లో నాకు జరిగిన మర్యాద నా చుట్టాలు కూడా చేయలేదు.

రెండో ముద్ద పెడుతుండగా ఎస్తేరు గురించి అడిగాను. ఆయన ముఖం మారింది.

"శానా మంచి ప్లేయరప్పా. మిషన్ కాంపౌండు పిల్ల. అట్లాంటి కాలు నా సర్వీసులో చూడలేదు. పోలీసు సెలక్షనుకు నేనే పేరు రాయించినా. ఆ మ్యాచి గెలిచుంటే ఉద్యోగమొచ్చినట్టే. ధైర్యం చాల్లేదు. ఒడిసిపట్టుకునే టయానికి ఎగిరి, గీత బయట పడి, కాలు పోయిందని కూలబడింది."

"దెబ్బ తగల్లేదా?"

"కాలి కింద ఏందో ఉండాది సార్, ఏందో పగిలింది అంటాది. నేను ఆ గీతంతా చూసినా. రాయి లేదు, రప్ప లేదు, ఏమీ లేదు! ఓడిపోతామని నాటకమాడతావా అని అందరి ముందర చెంప మీద కొట్టినా. లేసి మళ్లా ఆడింది. ఆడతానే కూలిపోయింది. అప్పుడు నిజంగానే పోయింది మోకాలు." గోడ మీది ఫోటోల వైపు చూశాడు. "కొట్టినందుకు ఇప్పటికీ బాధే. గానీ అబద్ధం చెప్పకుండా ఉండాల్సింది."

ఆయనకు ఏమీ కనిపించలేదంటే దానికి కారణం నేను.

ఆ రోజు వెనక గీత అవతల మూడడుగుల దూరంలో కెమెరా పెట్టుకోవడానికి అనుమతిచ్చారు. నేను అడుగు దూరంలో పెట్టాను. దుమ్ము పడకుండా మట్టిరంగు తువ్వాలు చుట్టి, లెన్సు మాత్రం బయటికి ఉంచాను. చవక లెన్సు కదా, పగిలినా ఫరవాలేదనుకున్నాను. గీత దగ్గర ఏం పగలొచ్చో అంతా లెక్క వేసుకున్నాను. ఆ లెక్కలో ఆడుతున్న అమ్మాయి కాలు లేదు. ఆమె ఎగిరినప్పుడు బహుమతి ఫోటో పడింది అందులోనే. దిగింది సరిగ్గా దాని మీదే. జనం మూగారు. వాళ్ల కాళ్ల మధ్యనుంచి పగిలిన ముక్కలతో, తువ్వాలుతో సహా కెమెరాను లాగి సంచీలో వేసుకున్నాను. సారు వెతకడం మొదలుపెట్టేసరికి అక్కడ మట్టి తప్ప ఏమీ లేదు.

ఇప్పుడు ఆయన ఎదురుగా, ఆయన ఇంటి ముద్ద చేత్తో పట్టుకుని కూర్చుని ఉన్నాను. చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. నోరు తెరిచాను.

"సారుకు ఇంకొంచెం నెయ్యి పొయ్యవే" అన్నాడాయన భార్యతో.

నోరు మూసుకున్నాను. ముద్ద మింగాను. ఈసారి నమలలేదు.

బయలుదేరేటప్పుడు రామసుబ్బమ్మ గారు గేటు దాకా వచ్చి, ఒక కాగితం మీద ఎస్తేరు ఫోను నంబరు రాసిచ్చారు. "పులివెందుల్లో ఉండాది. అరటికాయలు ప్యాకింగ్ చేసే కాడ. క్రిస్మసుకు వస్తాది, నన్ను చూసి పోతాది. ఆయప్ప ఇంట్లో ఉన్నప్పుడు రాదు."

ముద్దనూరు మీదుగా

పులివెందుల బస్సులో నా పక్కన కూర్చున్న అవ్వ ఒళ్లో చీనీకాయల బుట్ట ఉంది. మేము బత్తాయిలంటాం. ఆమె చూపంతా గుడ్డ సంచీలో పొడుగ్గా ఉన్న నా స్టాండు మీదే.

"ఏంది నాయనా అది?"

"ఫోటోలు తీసే స్టాండు, అవ్వా."

"అట్లనా. నేను కట్టెలు కొట్టే సామాననుకుంటి." ఒక కాయ తీసి నా చేతిలో పెట్టింది. డబ్బులివ్వబోతే కసిరింది. "ఒక్క కాయకు దుడ్లేందప్పా! తిను. మొగం చూడు, దిగులుగా పెట్టుకున్యావు. ఇంట్లో ఎవురికన్నా బాగలేదా?"

అందరూ బాగున్నారన్నాను. కిటికీ బయట రాళ్ల గుట్టలు, వాటి మధ్య ఉన్నట్టుండి పచ్చటి అరటి తోటలు వచ్చాయి. ఎస్తేరుకు ఫోను చేసి ఏమని మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూనే ఉన్నాను. కాయ వలిచి తిన్నాను. తీపో పులుపో గుర్తులేదు.

పులివెందుల: అట్టపెట్టెలు

ఊరి బయట రేకుల షెడ్డు. తోటల నుంచి వచ్చిన గెలలను విడదీసి, సిమెంటు తొట్లలో కడిగి, అట్టపెట్టెల్లో సర్ది లారీకెత్తుతారు. కాయలన్నీ ఒక్క కొలతలో, ఒక్క మచ్చ లేకుండా ఉండాలి. మచ్చ ఉన్నవి పక్కన కుప్పగా పోస్తారు. అవి ఊళ్లోకి. మేము డజను యాభై పెట్టి కొనేవి అవే అని మేస్త్రీ నవ్వుతూ చెప్పాడు.

ఆడవాళ్లందరూ నిలబడి పనిచేస్తున్నారు. ఎస్తేరు ఒక్కతే స్టూలు మీద కూర్చుని కాయలకు స్టిక్కర్లు అంటిస్తోంది. ఎడమ కాలు ముందుకు చాచి ఉంది. ముప్పై ఏళ్లుంటాయి. బస్సు దిగి ఫోను చేసి, ఆ ఫోటో తీసినవాణ్ణి, వస్తున్నానని మాత్రం చెప్పాను గనుక, నన్ను చూడగానే స్టూలు పక్కన ఇంకో స్టూలు లాగి వేసింది.

"కూచో సార్. లారీ వచ్చే దాకా కొంచెం సందుంది."

టీ తెప్పించింది. నేను మొదలుపెట్టేలోపే తనే మాట్లాడింది.

"నీ ఫోటో మా ఇంట్లో ఉండాది సార్. పేపర్లో వచ్చింది కత్తిరించి పెట్టుకున్నా. ఆ పొద్దు అందరూ నన్ను తిట్టినోళ్లే. ఒక్క మనిషి మాత్రం మంచి మాటన్యాడు. నేను కింద పడి ఉండా, మొగం మట్టిలో ఉండాది, ఎవురో చూళ్లేదు. నా తల ఎనక నుంచి అన్యాడు. 'అమ్మయ్య, దేవుడా, బాడీకి ఏం కాలేదు' అని. ఎవురో డాక్టరేమో అనుకున్నా. ఆ మాట పట్టుకోనే లేసి నిలబడినా. సారు కొట్టినందుకు కాదు. ఆ మాటకు లేసినా. లేయకుండా ఉండుంటే కాలు దక్కేదని తరవాత ఆస్పత్రిలో చెప్పినారు. అయినా ఆయప్ప మంచికే అన్యాడు కదా."

టీ గ్లాసు కింద పెట్టాను.

ఆ మాట అన్నది నేను. తువ్వాలు తీసి చూస్తే లెన్సు ముక్కలైంది, కెమెరా పెట్టెకు గీత కూడా పడలేదు. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట అది.

అంతా చెప్పాను. గీతకు అడుగు దూరంలో పెట్టింది, తువ్వాలు, లెన్సు ఎందుకు చవకది పెట్టానో, ఎలా లాగేసుకున్నానో, బాడీ అంటే మా భాషలో ఏమిటో. చెబుతున్నంతసేపూ ఆమె స్టిక్కర్లు అంటిస్తూనే ఉంది. చివరికొచ్చేసరికి చేతులు ఆగాయి.

"అయితే నా కాలి కింద నిజంగానే ఉండాది."

"ఉంది."

"పగిలింది గూడా."

"పగిలింది."

చేతిలో ఉన్న స్టిక్కరును బల్ల అంచుకు అంటించింది. తరవాత, "జమ్మలమడుగు మీదనే కదా వచ్చినావు. సారుకు చెప్పినావా?" అంది.

"లేదమ్మా. చెప్పలేకపోయాను."

"ఇప్పుడు చెప్పు. నా ముందర చెప్పు. పెద్దగా వినపడేట్టు పెట్టు ఫోను."

చేశాను. ఓబుళేసు సారు ఆప్యాయంగా పలికాడు. క్షేమంగా చేరావా అని అడిగాడు. నేను ఒక్కొక్కటే చెప్పాను. ఆయన అడ్డురాకుండా విన్నాడు. చివర్న పెద్దగా నిట్టూర్చాడు.

"ఆ యమ్మిని చూసినావు కదా, జాలేసింది నీకు. నెత్తిన ఏసుకోని చెప్తాండావు. మంచోడివప్పా నువ్వు. గానీ గ్రౌండు నేను చూసినా కదా. ఆడ ఏమీ లేదు. ఉండు, ఎవురో వచ్చినారు." పెట్టేశాడు.

ఎస్తేరు నవ్విందో ఏమో, ఒక్కసారి ఊపిరి బయటికొచ్చింది. "చూసినావా సార్. నీ అంత మనిషి చెప్తేనే ఇట్లుండాది. పదకొండేండ్లు నా మాట ఎట్లుండి ఉంటాదో చూసుకో."

ఆ కెమెరాలో చివరగా పడిన ఫోటో నా దగ్గరే ఉంది. ఎవరికీ చూపించలేదు, తీసేయనూ లేదు. సంచీలోంచి ల్యాప్‌టాప్ తీసి చూపించాను. ఫ్రేమంతా లెన్సు మీదికి దిగుతున్న ఆమె పాదం. మట్టి అంటిన అరికాలు, చాచిన వేళ్లు, పక్కన సున్నపు గీత. ఇంకేమీ లేదు. ఆమె ముందుకు వంగి చూసింది. తన కాలి వేళ్లను తెర మీద ఒక్కొక్కటిగా ముట్టుకుంది.

"ఇది సారుకు పంపిస్తాను" అన్నాను. "ఇంకేం చేయమన్నా చేస్తాను. చెప్పమ్మా, ఏం చేయమంటావు?"

"ఇప్పుడేం చేస్తావు సార్. ఆ పొద్దు ఒక్కటి చేసుంటే సరిపోతా ఉన్నింది. 'లేయొద్దు పాపా' అని ఒక్క మాట చెప్పుండాల్సింది."

లారీ హారను వినిపించింది. ఆమె బల్ల అంచు పట్టుకుని లేచింది. ఎడమ కాలు వంగలేదు. ఒక పెట్టెను నడుముకు ఆనించుకుని, ఆ కాలును ఈడ్చుకుంటూ వెళ్లింది. నేను సాయానికి లేచాను. మేస్త్రీ నన్ను పక్కకు జరగమన్నాడు. దారికి అడ్డంగా ఉన్నానట.

గుంటూరు వచ్చాక

ఇల్లు చేరిన సాయంత్రమే పాదం ఫోటోను ఓబుళేసు సారుకు పంపించాను. చూసినట్టు ఫోనులో నీలం గుర్తులు పడ్డాయి. జవాబు రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. బహుమతి ఇచ్చినవాళ్లకు జరిగింది జరిగినట్టు రాసి, ఆ ఫోటోను వెనక్కి తీసుకుంటానన్నాను. మీ నిజాయితీని మెచ్చుకుంటున్నాం, అంత పాత విషయాలు మేము తిరగదోడం అని రెండు వాక్యాల్లో రాశారు.

వారం తరవాత రామసుబ్బమ్మ గారు ఫోను చేశారు. గొంతు తగ్గించి మాట్లాడారు.

"ఆ ఫోటో చూసినప్పటి నుంచి ఆయప్ప మంచం దిగలేదు నాయనా. గోడ మీది ఫోటోలన్నీ తీసి కింద పెట్టించినాడు. రెండు దినాలు ముద్ద ముట్టలేదు. నువ్వు ఇంగ ఫోను చేయొద్దు. బీపీ మనిషి."

"ఎస్తేరుతో మాట్లాడారా అమ్మా?"

"ఏం మొగం పెట్టుకోని మాట్లాడతాడప్పా."

తెలుసుకోవాల్సిన మనిషి ఆమే గనుక ఎస్తేరుకు ఫోను చేశాను. వెనక తొట్లలో నీళ్ల చప్పుడు, ఆడవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి. సారు నమ్మాడని చెప్పాను. మంచం దిగలేదనీ, గోడ మీది ఫోటోలు తీసేశాడనీ, రెండు రోజులు తిండి మానేశాడనీ చెప్పాను. సంతోషిస్తుందనుకున్నానో, ఏడుస్తుందనుకున్నానో నాకే తెలియదు.

"ఇప్పుడన్నా తింటాండాడా సార్?" అని అడిగింది.

తెలియదన్నాను.